చుట్ట మలుపులో నాలుగు నిమిషాలు

బండి వెనక పలక మీద "గంటలో కొండ దిగును" అన్న అక్షరాలు నేనే రాశాను. పసుపు అక్షరాలు, ఎర్ర అంచు. బోర్డులు రాసే పెయింటరు మా వీధిలోనే ఉన్నాడు. అయినా అతన్ని పిలవకుండా మోకాళ్ళ మీద కూర్చుని, నాలుక బయటపెట్టి మరీ రాశాను. ఇప్పుడా పలక ఊడదీసి షెడ్డు వెనక గోడకు ఆనించి ఉంది, రాత కనబడకుండా గోడవైపు తిప్పి. అటు పోవలసి వస్తే తల పక్కకు తిప్పుకుని పోతాను.

నా పేరు గౌరీశు. నర్సీపట్నంలో చింతపల్లి పోయే రోడ్డు మీద నా షెడ్డు. పాతికేళ్ళుగా ఏజెన్సీ బళ్ళకు వైద్యం చేస్తున్నాను. నేను చెయ్యి పెట్టిన బండి ఇంకో షెడ్డు గడప తొక్కదని నాకు గొప్ప గర్వం ఉండేది. ఉండేది అనే రాస్తున్నాను.

ఆ బండి నాకంటే పదేళ్ళు చిన్నది. నాలుగు చక్రాలూ లాగే పాత పికప్పు. ముందు ముగ్గురు పట్టే క్యాబిను, వెనక తొట్టి. ఏదో ప్రభుత్వ శాఖ వాడి వాడి వేలానికి పెడితే తెచ్చుకున్నాను. తెచ్చినరోజు మా ఆవిడ వరాలు గుమ్మంలో నిలబడి, "దీన్ని తోలుకొచ్చారా, మోసుకొచ్చారా?" అంది. అడిగిందాంట్లో తప్పేం లేదు. కింది రేకు చేత్తో నొక్కితే అప్పడంలా విరిగింది.

ఎనిమిది నెలలు పట్టింది. చాసిస్ తప్ప మిగిలిందంతా విప్పేశాను. కమాను పట్టీలు మరో రెండేసి కలిపి బండిని జానెడు ఎత్తు లేపాను. ఎత్తు పెరిగింది గనక బురదలో పట్టుండే పెద్ద టైర్లు వేశాను. వాగు దాటేటప్పుడు ఇంజను నీళ్ళు మింగకుండా గాలిగొట్టాన్ని క్యాబిను పైదాకా లేపాను. ముందు బంపరుకు ఉక్కుతాడు చుట్టిన విన్చి పెట్టాను, బండి దిగబడితే చెట్టుకు తాడు కట్టి తనను తనే లాక్కుంటుంది. తొట్టి చుట్టూ ఇనప చట్రం, పైన సామాన్లకు అర, మడిచే బల్లలు. వారం రోజులు కాఫీ బస్తాలు, మందుల పెట్టెలు మొయ్యాలి. సెలవులొస్తే విశాఖ నుంచి వచ్చే సరదాగాళ్ళను జలపాతం దాకా తిప్పాలి. పనికీ, సరదాకీ ఒకటే బండి. అదీ నా లెక్క.

బ్రేకులు మాత్రం పాత డ్రమ్ములే ఉంచేశాను. పెద్ద టైర్లు వేసి, బరువు పెంచినప్పుడు బ్రేకులు మార్చాలని నాకు తెలుసు. ఆ కొలతకు కొత్తవి దొరకలేదు. తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

ఇదంతా ఏ మేస్త్రీ అయినా చేసే పనే. ఎవరూ చెయ్యనిది మా అమ్మాయి హైమ చేసింది.

కొండ మీద సిరిగూడ నుంచి కింద బూరుగువలస దాకా ఉన్న ఘాటు రోడ్డు ఇరవై రెండు కిలోమీటర్లు. ఏటేటా వానకు సగం కొట్టుకుపోతుంది, మిగతా సగం చోటు మారుతుంది. ఏ పటంలోనూ ఉన్నదున్నట్టు ఉండదు. దాని మీద బండి దింపగలిగిన డ్రైవరు ఒక్కడే మిగిలాడు. పాంగి బొంజుబాబు. అరవై రెండేళ్ళు. అందరికీ బొంజన్న. కుర్ర డ్రైవర్లంతా మైదానంలో సాఫీ రోడ్లు చూసుకుని పోయారు. "నా తరవాత ఈ కొండ ఎవుడు దిగుతాడు?" అని ఒకరోజు మా షెడ్డులో టీ తాగుతూ అన్నాడు. ఆ మాట హైమకు పట్టుకుంది.

విశాఖలో ఎలక్ట్రానిక్స్ చదివి, ఒక ఫ్యాక్టరీలో రెండేళ్ళు చేసి, నచ్చక మా షెడ్డు మూలన బల్ల వేసుకు కూర్చున్న పిల్ల. ఏడాదిపాటు ఏదో చేసింది. ఒకరోజు టిఫిన్ క్యారియరంత పెట్టె తెచ్చి బండి సీటు కింద బిగించింది. ఇరుసుల మీద నేల కుదుపును పసిగట్టే నాలుగు గిన్నెల్లాంటివి, స్టీరింగుకూ గేరు రాడ్డుకూ పెడళ్ళకూ చిన్న మోటార్లు.

"ఇప్పుడు నడపండి పెదనాన్నా," అంది బొంజన్నతో.

"నడిపితే ఏటవుతాది?"

"మీ చెయ్యి నేర్చుకుంటుంది. చక్రం కింద ఏ రాయి ఎలా తగిలితే మీరు స్టీరింగు ఎంత తిప్పుతారో, ఏ గేరుకు వస్తారో, బ్రేకు ఎంత నొక్కుతారో, అంతా గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత అలాంటి నేల తగిలితే మీలాగే చేస్తుంది. ముందు మనిషో గొడ్డో అడ్డం వస్తే ఆగడానికి ఒక కన్ను ఉంది. మిగతాదంతా కాళ్ళతో చూస్తుంది."

బొంజన్న తన చేతులు తిప్పి చూసుకున్నాడు. "నాను సచ్చినా నా సెయ్యి కొండ దిగుతాదన్నమాట," అన్నాడు. ఆ పెట్టెకు చెయ్యిపెట్టె అని పేరు పెట్టింది కూడా ఆయనే.

నలభై ఒక్క సార్లు దిగాం. స్టీరింగు దగ్గర బొంజన్న, మధ్యలో ఒళ్ళో కంప్యూటరుతో హైమ, ఈ చివర నేను. ప్రతిసారీ సగం దూరం దిగాక ఒక మలుపులో బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, బొంజన్న దిగిపోయేవాడు. పాత డ్రైవర్లు అందరూ అక్కడ ఆగేవాళ్ళట. దాని పేరే చుట్ట మలుపు. బొంజన్న చుట్ట ముట్టించి, మొదటి పొగ కొండవైపు ఊదేవాడు. అది కొండకట. తర్వాత బండి చుట్టూ తీరిగ్గా నడిచేవాడు. చక్రాల దగ్గర వంగేవాడు, ఉమ్మేవాడు, మళ్ళీ నడిచేవాడు. చుట్ట అయిపోయాక వచ్చి ఎక్కేవాడు. నాలుగు నిమిషాలు.

"మనం దిగేలోగా నువ్వు ఓ చుట్ట ఆపుకోలేవా అన్నా?" అన్నాను ఒకసారి.

"నాకొక్కడికేటి, బండి కూడా సుట్ట తాగతాది గదరా," అన్నాడు.

నేను పడీపడీ నవ్వాను. హైమకు పొగ పడదు, క్యాబిను అద్దాలు ఎక్కించుకుని లోపలే కూర్చుంది. కంప్యూటరులో అక్కడ గీత తిన్నగా సాగిపోయింది. చెయ్యిపెట్టెకు క్యాబిను బయట ఏం జరుగుతుందో తెలీదు. ఆ నాలుగు నిమిషాలూ దాని లెక్కలో ఖాళీ.

ఆ రోజుల్లో బొంజన్న ఇంటికి మేమూ, మా ఇంటికి ఆయనా. సిరిగూడలో ఆయన ఇంటి అరుగు మీద మొదటిసారి భోంచేసినప్పుడు ఒక చిత్రం చూశాను. దారినపోయే ముసలాడు ఎవడో వాకిట్లో నీళ్ళకు ఆగాడు. బొంజన్న నోటిదాకా ఎత్తిన ముద్ద కంచంలో పెట్టేసి, అతన్ని రమ్మని, అతనికి విస్తరి పడ్డాకే తిన్నాడు. "మీ చుట్టమా?" అన్నాను. "ఎవుడో నాకు తెల్దు," అన్నాడు. ఆ వైపు ఊళ్ళలో అన్నం వేళకు వాకిట్లో మనిషి ఉంటే రమ్మనకుండా ఎవరూ ముద్ద ఎత్తరు.

ఆయనకు ఒక చెల్లెలు, చిలకమ్మ. బూరుగువలసలో ఆరోగ్య కేంద్రం పక్కనే ఆమె ఇల్లు. కొండమీద ఏడు ఊళ్ళకు నడిచి పోయి పురుళ్ళు పోసేది. మాకు టీ ఇస్తూ, "ఈ బండి తొరగా అయితే నా కాళ్ళకి నెమ్మది," అనేది. కాళ్ళకి అనే అనేది.

కాఫీ రైతుల సంఘం వాళ్ళు చెయ్యిపెట్టె చూడ్డానికి వస్తామన్నారు. సంఘం ప్రెసిడెంటుకు షెడ్డులో కుర్చీ వేసి నేనే వాగాను. "గంటలో దింపుతాను. ఒక్క నిమిషం ఎక్కువైతే నా మీసం తీయించుకుంటాను." ఆ ఊపులోనే వెనక పలక మీద ఆ అక్షరాలు రాశాను.

మర్నాడు హైమ కంప్యూటరు నా ముందుకు తిప్పింది. "అరవై మూడు నిమిషాలు నాన్నా. ఎన్నిసార్లు నడిపినా అంతే. పెదనాన్న ఎక్కడా ఒక్క క్షణం కూడా వృథా చెయ్యడు."

"చుట్ట మలుపులో చేస్తాడుగా."

"అది ఆయన ఆగడం కదా. ఉంచుదామనుకున్నాను. ఆయన చెయ్యి అంటే అది కూడా ఆయన చెయ్యేగా."

"చుట్ట తాగే పనేదో పెట్టెకు కూడా నేర్పుతావా? తీసెయ్."

ఆమె వేలు మీట మీద ఉంచి నావైపు చూసింది. "తీసెయ్యమంటావా?"

"తీసెయ్యమంటున్నాను."

తీసేసింది. యాభై తొమ్మిది నిమిషాలు. వరాలు పెట్టిన ఉప్మా ఆ రోజు రెండుసార్లు అడిగి వేయించుకున్నాను.

బొంజన్నకు చెప్పలేదు. చెప్పాల్సినంత విషయం అనిపించలేదు.

సంఘం వాళ్ళ ముందు బండి యాభై తొమ్మిదిన్నర నిమిషాల్లో దిగింది. స్టీరింగు ముందు ఎవరూ లేరు. ప్రెసిడెంటు రెండు చేతులతో సీటు పట్టుకుని కూర్చుని, కింద దిగాక నా భుజం తట్టాడు. బొంజన్న ఆ రోజు జ్వరంతో పైన ఉండిపోయాడు. వాన పడుతోంది, తొట్టి ఖాళీ. తర్వాత ఐదుసార్లు మందుల పెట్టెలతోనూ, ఇద్దరు ముగ్గురు మనుషులతోనూ దిగింది. ఏమీ కాలేదు. మీసం దువ్వుకున్నాను.

జనవరిలో కాఫీ పళ్ళ కోత ముమ్మరమైంది. ఏడోసారి తొట్టి నిండా బస్తాలు వేశారు. ముందు సీట్లో చిలకమ్మ, సంఘం మనిషి ఒకడు. పై ఊళ్ళో ఒక పురుడు చూసి ఆమె ఇంటికి వస్తోంది. మంచి ఎండ. చుట్ట మలుపులో బండి ఆగలేదు. ఎందుకాగుతుంది? ఆగమని దానికి ఎవరూ చెప్పలేదు. అక్కణ్ణుంచి తొమ్మిదో మలుపు దగ్గర బ్రేకు నొక్కితే బ్రేకు లేదు. చిలకమ్మ మేం నేర్పినట్టే ఆపు మీట లాగింది. అదీ బ్రేకునే నొక్కుతుంది, ఇంకేం చేస్తుంది. సంఘం మనిషి దూకేశాడు. బండి కాఫీ తోటలోకి దిగి సిల్వర్ ఓక్ చెట్టును కొట్టుకుంది. చిలకమ్మ ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు.

నేను బండి దగ్గరికి వెళ్ళి చక్రం విప్పాను. డ్రమ్ము నీలం రంగు తిరిగి ఉంది. లైనింగు మాడి, గట్టిపడి, గోరు పెడితే పొడి రాలింది. ఆ వాసన ఏ మేస్త్రీకైనా తెలుసు. కాగి కాగి, పొగలు కక్కి, పట్టు వదిలేసిన బ్రేకులు. బండి కూడా సుట్ట తాగతాది గదరా. ఆయన చక్రాల దగ్గర ఎందుకు ఉమ్మేవాడో అప్పుడర్థమైంది. డ్రమ్ము మీద చుయ్యిమంటే ఇంకా వేడి. చుయ్యిమనకపోతే బయల్దేరొచ్చు. పాతికేళ్ళ మేస్త్రీని, నలభై ఒక్కసార్లు ఆ పొగ పక్కన కూర్చుని చుట్టపొగ అనుకున్నాను.

వారం తర్వాత సిరిగూడలో సంఘం వాళ్ళూ ఊరి పెద్దలూ కూర్చున్నారు. ప్రెసిడెంటు నన్ను అడిగాడు. "ఏం జరిగింది గౌరీశూ? పెట్టెలో తప్పా, చేతిలో తప్పా?"

నేను గొంతు సవరించుకున్నాను. ఈలోగా బొంజన్న లేచి నిలబడ్డాడు.

"పెట్టెకి సొంత తెలివి నేదు బాబూ. నాను నేర్పినట్టే సేసింది. సెయ్యి నాదే. తప్పు నాదే."

హైమ నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను. అక్కడ చీమలు ఒక మెతుకును లాక్కుపోతున్నాయి. అది గుమ్మం దాటేదాకా చూశాను. నోరు మాత్రం తెరవలేదు. ఎవరూ నా గొంతు పిసకలేదు. ఎవరూ బెదిరించలేదు. ఒక్క మాట అంటే సరిపోయేది, అనలేదు.

దారిలో హైమ, "ఎందుకు చెప్పలేదు?" అంది.

"నీ పేరు బయటికొస్తుంది. ఆ మీట నొక్కింది నువ్వు. నీ ముందు బోలెడు జీవితం ఉంది."

"నా కోసమా నాన్నా?"

అవునన్నాను. నా పిల్లను అడ్డం పెట్టుకుని నన్ను నేను దాచుకున్నాను. ఇది రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.

నెల తర్వాత బొంజన్న షెడ్డుకు వచ్చాడు. చిక్కిపోయాడు. స్టూలు మీద కూర్చుని హైమతో అన్నాడు. "అమ్మా, నా సెయ్యి ఎక్కడ తప్పిందో ఒకసారి సూపించు. ఆ కంప్యూటర్లో ఉంటాది గదా. ఏ మలుపులో తప్పు తిప్పినానో సూసుకుంటాను. తెల్లారితే అదే ఆలోసన."

హైమ నోరు తెరిచేలోగా నేను అందుకున్నాను.

"అదేం లేదన్నా. వయసు. చూపు కొంచెం మందగించింది కదా నీకు, ఆ తేడా పెట్టెకు వచ్చింది. నువ్వు కావాలని చేసింది కాదు."

ఎంత దయగా అన్నానో. పైగా భుజం మీద చెయ్యి కూడా వేశాను.

బొంజన్న తల ఊపాడు. "అదే అనుకున్నాను," అన్నాడు.

భోజనం వేళ అయింది. వరాలు బలవంతం చేసి కూర్చోబెట్టింది. అన్నం వడ్డించి పప్పు వెయ్యబోయి ఆగిపోయింది. బొంజన్న ఎడమచేత్తో కలుపుకుంటున్నాడు. మెతుకులు జారిపోతున్నాయి.

"అదేంటన్నయ్యా, చేతికి దెబ్బేమైనా తగిలిందా?"

"నేదమ్మా. ఆ సెయ్యి అన్నం తినే సెయ్యి కాదు ఇంక."

హైమ కంచం వదిలేసి లేచిపోయింది. వరాలు నావైపు చూసింది. అప్పటికి ఆవిడకు ఏమీ తెలీదు. అయినా ఇరవై ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి, నా మొహం చూసి గరిటె గిన్నెలో పెట్టేసింది. "మీరేం చేశారు?" అని అడిగింది, ఆయన వెళ్ళాక. "నేనేం చేశాను?" అన్నాను. ఆ రోజు నుంచి నాకు అన్నం పెట్టేది గాని, పక్కన కూర్చునేది కాదు.

హైమ నాతో మాట్లాడ్డం మానేసింది. షెడ్డుకు మాత్రం వచ్చేది. బండిని సరిచెయ్యమని కాగితం మీద రాసి నా బల్ల మీద పెట్టింది. చేశాను. వంగిన చాసిస్ తీర్చాను, రేడియేటరు మార్చాను, చట్రం అతికించాను. బ్రేకులకు కొత్త లైనింగు వేశాను, డ్రమ్ములు అవే. వెనక పలక ఊడదీశాను. చేస్తున్నంతసేపూ ఆమె ఆ పెట్టెతో ఏం చేస్తోందో అడగలేదు. అడిగితే చెబుతుందేమోనని భయం.

మార్చిలో ఒక పొద్దున, "బండి పైకి తీసుకెళ్ళాలి, నువ్వు కూడా రా," అంది. వారాల తర్వాత మాట్లాడిన మాట. సంతోషంగా ఎక్కాను. సిగ్గులేని ప్రాణం. ఎక్కేటప్పుడు తనే నడిపింది. బొంజన్న కాపురం బూరుగువలసలో చెల్లెలి దగ్గరికి మార్చేశాడు. ఆ రోజు పై ఊళ్ళో పసిపిల్లకు పేరు పెడుతున్నారు. ఆ జనవరి రోజున చిలకమ్మ పోసిన పురుడు. అన్నా చెల్లెలూ దానికి ముందురోజే ఎడ్లబండి మీద పోయారు. తిరుగుదారిలో వాళ్ళను ఎక్కించుకుందాం అంది హైమ.

చిలకమ్మ కర్ర ఊతంతో వచ్చింది. నేను చెయ్యి అందించబోయాను. "వొద్దు బాబూ, నాను ఎక్కగలను," అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. తొట్టిలో పైనుంచి కిందికి పోయే కాఫీ బస్తాలు వేశారు. ఆ తర్వాత హైమ స్టీరింగు ముందు నుంచి తప్పుకుని, నాతోపాటు తొట్టిలో బస్తాల మీద కూర్చుంది. ముందు అన్నా చెల్లెళ్ళిద్దరే. బొంజన్న వెనక్కి తిరిగి కంగారుగా చూశాడు.

"వొద్దమ్మా. ఆ పెట్టె వొద్దు. దాంట్లో ఉన్నది నా సెయ్యే."

"మీ చెయ్యే పెదనాన్నా. అందుకే," అంది హైమ, మధ్య అద్దం తీసి.

బండి కదిలింది. మొదటి మలుపు, రెండో మలుపు, ఎక్కడ గేరు తగ్గించాలో అక్కడ తగ్గించింది. కొట్టుకుపోయిన చోట చక్రం ఆ అంచు మీద ఎంత నెమ్మదిగా పెట్టిందంటే, బస్తాల మీద కూర్చున్న మాకు కుదుపే లేదు. బొంజన్న మొదట డాష్‌బోర్డు పట్టుకుని కూర్చున్నవాడు మెల్లగా వదిలేశాడు. తన నడక తనే చూస్తున్నాడు. తప్పెక్కడుందా అని వెతుకుతున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. దొరకదని కూడా తెలుసు.

చుట్ట మలుపు వచ్చింది. బండి పక్కకు తీసింది. ఆగింది. ఇంజను దానంతటదే ఆగిపోయింది.

పక్షులు వినబడ్డాయి. కింద డ్రమ్ముల్లోంచి సన్నగా పొగ లేచి చక్రాల పక్కనుంచి పైకి వస్తోంది. బొంజన్న అద్దంలోంచి ఆ పొగనే చూస్తూ కూర్చున్నాడు.

"ఆగింది," అన్నాడు.

"ఆగడం పెట్టెకి రాదనుకున్నాను. దీనికి ఆగడం తెలుసు," అన్నాడు.

తర్వాత వెనక్కి తిరిగాడు. హైమవైపు కాదు, నావైపు. "మరి ఆ దినం ఎందుకు ఆగనేదు?"

హైమ నోరు తెరిచింది. ఈసారి కూడా ఆమె కంటే ముందు నేనే మాట్లాడాను. నా జీవితంలో చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదొక్కటే. అది కూడా నా కూతురు ఉచ్చు పన్ని, కొండమీద పారిపోయే దారి లేనిచోట నన్ను కూర్చోబెట్టాక.

"నేనే తీయించాను అన్నా. ఈ ఆగడం. గంటలో దిగాలని. హైమ వద్దనే అంది, నేనే తీసెయ్యమన్నాను. నీ చూపు గురించి చెప్పింది అబద్ధం. నీ చెయ్యి ఎక్కడా తప్పలేదు. బ్రేకులు చూసినరోజే నాకు తెలిసిపోయింది."

"ఆ దినమేనా?" అని అడిగింది చిలకమ్మ. అంతవరకూ ఆమె తల తిప్పలేదు.

"ఆ రోజే."

"అంటే నాను ఆస్పత్రిలో ఉన్నప్పుడే."

"అవును."

ఆమె చేతిలోని కర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని దాన్నే చూసుకుంది. "అన్న నా మంచం కోడు పట్టుకుని ఏడ్సినాడు," అంది. "నా సెయ్యే నీ కాలు తీసింది సెల్లీ అని. నాను ఓదార్సినాను."

నేను ఏదో అనబోయాను. ఏం అనబోయానో ఇప్పుడు గుర్తులేదు. క్షమించమనే అయి ఉంటుంది. ఈలోగా ముందు తలుపు చప్పుడైంది.

బొంజన్న తలుపు తీసుకుని దిగాడు. బండి చుట్టూ నడిచాడు. ముందు చక్రం దగ్గర వంగి ఉమ్మాడు. చుయ్యిమంది. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. చుట్ట మానేసి రెండు నెలలైందట, అయినా చెయ్యి మొలలోకి పోయి ఖాళీగా తిరిగొచ్చింది. మళ్ళీ నడిచాడు, మళ్ళీ ఉమ్మాడు. ఈసారి చప్పుడు లేదు.

తొట్టి దగ్గరికి వచ్చి, "దిగు," అన్నాడు నాతో.

దిగాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"నడిసి రా," అన్నాడు. అంతే.

హైమను ముందుకు పిలిచాడు. "అమ్మా, ఆ పెట్టె ఆపీ." ఆమె ఆపింది. ఆయన స్టీరింగు ముందు కూర్చుని ఎడమచెయ్యి దాని మీద పెట్టాడు. కుడిచెయ్యి కాసేపు స్టీరింగు పైన గాలిలోనే ఉండిపోయింది. తర్వాత పట్టుకున్నాడు. బండి మలుపు తిరిగి పోయింది.

పదకొండు కిలోమీటర్లు. దారంతా దుమ్ములో ఆ పెద్ద టైర్ల అచ్చులు. ఎక్కడా తడబడలేదు, ఒక్కచోట కూడా గీత చెదరలేదు. తొమ్మిదో మలుపు దగ్గర సిల్వర్ ఓక్ చెట్టుకు బెరడు పోయినచోట జిగురు కారి గట్టిపడింది. మిరియాల తీగ ఒకటి తెగిపోయి, మళ్ళీ కిందనుంచి చిగురేసింది. అక్కడ కూర్చుని ఏడ్చాను. ఏడిస్తే బరువు తగ్గుతుందంటారు. ఏమీ తగ్గలేదు, చూసేవాళ్ళు లేరు గనక కాస్త సిగ్గు తప్పింది.

బూరుగువలస చేరేసరికి పొద్దు వాలుతోంది. చిలకమ్మ ఇంటి ముందు బండి నీడలో ఆగి ఉంది. కాళ్ళు బొబ్బలెక్కాయి, నాలుక పిడచగట్టింది. వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను.

అరుగు మీద ముగ్గురూ అన్నాలకు కూర్చున్నారు. సామల అన్నం, అనపగింజల పులుసు. చిలకమ్మ కూర్చునే వడ్డిస్తోంది. హైమ ముందు విస్తరి ఉంది. తను తినకుండా నావైపు చూసింది, లేవబోయింది.

"సల్లారిపోతాది. తినమ్మా," అన్నాడు బొంజన్న.

హైమ తల దించుకుని తినసాగింది.

చిలకమ్మ నన్ను చూసింది. చూసి, పులుసు గరిటె అన్న విస్తట్లోకి వంచింది. వీధిలో పోతున్న ఒక ముసలావిడ ఆగి, వాకిట్లో నిలబడ్డ నన్నూ, అరుగు మీద వాళ్ళనూ మార్చి మార్చి చూసి, అర్థం కాక వెళ్ళిపోయింది.

బొంజన్న తల ఎత్తాడు. నా కళ్ళలోకి చూశాడు. నన్ను చూడలేదని అనుకోవడానికి వీల్లేదు. ఆ వైపు ఊళ్ళలో అన్నం వేళకు వాకిట్లో మనిషి ఉంటే రమ్మనకుండా ఎవరూ ముద్ద ఎత్తరు. బొంజన్న ఎత్తాడు, కుడిచేత్తో.